క్యాస్టింగ్ అంటే ‘మార్చడం’ అని రాయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ చదువుల పేజీలో ఇంటర్వ్యూలకి వెళ్లే పిల్లల కోసం జావా అనే ప్రోగ్రామింగ్ భాష మీద ప్రశ్నలూ జవాబులూ వేశారు. ఇలాంటివి తెలుగులో దొరకడం తక్కువ, అందుకని ఆ పేజీ మడిచి, సాయంత్రం మా మేడ మీదికి చదువుకోవడానికి వచ్చే పిల్లలకి చూపిద్దామని పక్కన పెట్టుకున్నాను. రాత్రి తీరిగ్గా చదువుతుంటే ఒక జవాబు దగ్గర ఆగిపోయాను. డౌన్‌క్యాస్టింగ్ అంటే ఏమిటి అన్న ప్రశ్న కింద ‘పేరెంట్ క్లాస్ ఆబ్జెక్ట్‌ని చైల్డ్ క్లాస్ ఆబ్జెక్ట్‌గా మార్చడం’ అని ఉంది. (క్లాస్ అంటే ఒక రకం వస్తువుకి రాసుకున్న నమూనా, ఆబ్జెక్ట్ అంటే ఆ నమూనాతో చేసిన వస్తువు. ఒక క్లాస్ మీద ఆధారపడి ఇంకో క్లాస్ రాస్తే మొదటిది పేరెంట్, రెండోది చైల్డ్.) ఇది తప్పండి. అందులో ‘మార్చడం’ అన్న ఒక్క మాట తప్పు, ఆ ఒక్క మాట వల్ల పిల్లల బుర్రలో ఆ పాఠం అంతా తలకిందులవుతోంది. ఈ ఉత్తరం దాని గురించే. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

మీరొక్కరే ఇలా రాశారని అనడం లేదు. ఇదే వాక్యాన్ని నేను గైడ్లలో చూశాను, జిరాక్స్ షాపుల్లో అమ్మే నోట్సుల్లో చూశాను, పిల్లలు లెక్చరర్ చెప్తుంటే రాసుకున్న పుస్తకాల్లో చూశాను. కానీ పేపర్లో అచ్చయితే ఆ మాటకి బలం వస్తుంది. మా అమ్మ ఇప్పటికీ ఏదైనా నిజమా అని అడిగితే ‘పేపర్లో వేసినారు కదా’ అంటుంది.

నేను 14 ఏళ్లుగా జావాలోనే పని చేస్తున్నాను. పదేళ్లు బెంగళూరులో ఉండి, కరోనా తర్వాత ఇల్లు వదల్లేక ఇక్కడ బైరాగిపట్టెడ నుంచే పని చేసుకుంటున్నాను. చుట్టుపక్కల బీటెక్, డిగ్రీ చదివే పిల్లలు ఆరుగురు సాయంత్రాలు వస్తారు, డబ్బులేమీ తీసుకోను, తెలిసింది చెప్తాను. వాళ్లలో పుత్తూరు నుంచి బస్సులో వచ్చి చదువుకునే అమ్మాయి ఒకతి ఉంది. మొన్న ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లింది. అక్కడ ఈ ప్రశ్నే అడిగారు. పేరెంట్ ఆబ్జెక్ట్‌ని చైల్డ్‌గా క్యాస్ట్ చేయొచ్చా అని. ఈ అమ్మాయి ‘చేయొచ్చు సార్, ముందు బ్రాకెట్లో చైల్డ్ క్లాస్ పేరు రాస్తే మారిపోతుంది’ అని తడుముకోకుండా చెప్పింది. ఆయన ఒక కాగితం మీద మూడు లైన్లు రాసి, ఇది నడిపితే ఏమవుతుందో చెప్పమన్నాడు. పేరెంట్ క్లాస్‌తోనే న్యూ అని ఒక ఆబ్జెక్ట్ చేసి, దాన్ని చైల్డ్‌గా క్యాస్ట్ చేసి, చైల్డ్‌లో ఉన్న మెథడ్‌ని, అంటే ఆ క్లాస్‌కి రాసిన ఒక పనిని, పిలిచాడు. మెథడ్ పని చేస్తుందని చెప్పింది. అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది.

మేడ మీదికి వచ్చి నోట్సు నా ముందు పెట్టి ‘ఇట్లనే రాసిచ్చినారు కదక్కా, బ్రాకెట్లో పేరు రాస్తే అది మారిపోతాది అని, నేను తప్పు చెప్పలేదు కదక్కా’ అని ఏడ్చింది. ఆ అమ్మాయి తప్పు చెప్పలేదు, నోట్సులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాకు బాధగా ఉన్నది అందుకే. చదవని పిల్ల అయితే వేరే మాట.

విషయానికి వస్తాను. మాది పాకాల పక్కన ఊరు, మా నాయనకి తోతాపురి తోట ఉంది, కాబట్టి మామిడితోనే చెప్తాను, చిత్తూరు వైపు ఎవరికైనా ఇది చప్పున అందుతుంది.

మామిడి అని ఒక క్లాస్ అనుకోండి. దానిని ఎక్స్‌టెండ్ చేస్తూ, అంటే దాన్ని పేరెంట్‌గా పెట్టుకుని, తోతాపురి, నీలం అని రెండు క్లాసులు. ఇప్పుడు తోటలో ట్రాక్టర్‌కి తోతాపురి కాయలు పోసి పైన పట్ట కప్పి కట్టేశాం. ట్రాక్టర్‌లో ఉన్న కాయలు ఆబ్జెక్ట్. డ్రైవర్ చేతిలో ఒక చీటీ ఉంటుంది, దాని మీద సరుకు పేరు రాసి ఉంటుంది, ఆ చీటీ మనం ప్రోగ్రాంలో వేరియబుల్ అని, రెఫరెన్స్ అని పిలిచేది. ఆ చీటీ మీద ‘తోతాపురి’ అని కాకుండా ‘మామిడి’ అని రాశామనుకోండి. ఎవరైనా కాదంటారా? అనరు. తోతాపురి మామిడే. దీన్నే అప్‌క్యాస్టింగ్ అంటారు. జావాలో దీనికి బ్రాకెట్ కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు. అయితే ‘మామిడి’ అని చీటీ ఉన్నంతసేపు ఏ మామిడికైనా ఉండే సంగతులే అడగగలం, బరువెంత, ధర ఎంత అని. తోతాపురికి మాత్రమే రాసుకున్న మెథడ్ ఏదైనా ఉంటే, పల్ప్ తీసే మెథడ్ అనుకుందాం, దాన్ని ఆ చీటీతో అడగలేం. లోపల ఉన్నది తోతాపురే అని మనకి తెలిసినా సరే, ప్రోగ్రాం నడవకముందే దాన్ని చదివి తప్పులు పట్టే కంపైలర్ ఒప్పుకోదు, అది చీటీ మాత్రమే చదువుతుంది, పట్ట ఎత్తి చూడదు.

ఇప్పుడు ఆ ‘మామిడి’ చీటీ పక్కన పెట్టి, అదే ట్రాక్టర్‌కి ‘తోతాపురి’ అని కొత్త చీటీ రాస్తాం. ఇది డౌన్‌క్యాస్టింగ్. ఇక్కడ బ్రాకెట్ కావాలి. ఆ బ్రాకెట్‌కి అర్థం ‘నువ్వు మారిపో’ అని కాదు, ‘ఇందులో ఉన్నది తోతాపురే, నాదీ పూచీ’ అని. ట్రాక్టర్ బయల్దేరే ఊళ్లోనే, అంటే ప్రోగ్రాం నడవకముందే, కంపైలర్ ఆ చీటీ చూసి, మామిడి అన్నాక తోతాపురి కావచ్చు కదా అని వదిలేస్తుంది. జామకాయల చీటీ తెచ్చి దాన్ని తోతాపురి అని తిరగరాయబోతే మాత్రం అక్కడే ఆపేస్తుంది, ఆ రెండు క్లాసులకీ చుట్టరికమే లేదు కాబట్టి. అసలు తనిఖీ పల్ప్ ఫ్యాక్టరీ గేటు దగ్గర. ప్రోగ్రాం నడిచేటప్పుడు, దాన్ని నడిపే జావా వర్చువల్ మెషీన్ పట్ట ఎత్తి చూస్తుంది. తోతాపురి ఉంటే లోపలికి పంపుతుంది. నీలం ఉంటే, లేదా ఏ రకమూ కాని ఉత్త మామిడి అని చేసిన ఆబ్జెక్ట్ ఉంటే, అక్కడికక్కడ వెనక్కి తిప్పుతుంది. దాని పేరే క్లాస్‌క్యాస్ట్‌ఎక్సెప్షన్ (ఎక్సెప్షన్ అంటే నడుస్తున్న ప్రోగ్రాం తప్పు దగ్గర ఆగి చెప్పే మాట). ఆ పుత్తూరు అమ్మాయికి ఇచ్చిన మూడు లైన్లలో జరిగింది ఇదే, కంపైల్ అవుతుంది, నడిపితే ఆగిపోతుంది.

చీటీలు ఎన్నిసార్లు తిరగరాసినా కాయలు కాయలే. నీలం తోతాపురి అవ్వదు. అప్‌క్యాస్ట్ చేసినప్పుడు తోతాపురి తన లక్షణాలేవీ పోగొట్టుకోదు, డౌన్‌క్యాస్ట్ చేసినప్పుడు కొత్తగా ఏవీ తెచ్చుకోదు. మెమరీలో ఒక్క బైట్ కదలదు. మా పిల్లలకి ఇలా చెప్పాక ఒకడు అడిగాడు, ‘అట్లయితే అప్‌క్యాస్ట్ చేసినాక చైల్డ్‌లో ఉండే డేటా ఎక్కడికి పోతాదక్కా’ అని. ఎక్కడికీ పోదు నాయనా, అక్కడే ఉంటుంది, నువ్వు పట్టుకున్న చీటీతో దాన్ని అడగలేవు అంతే. ఈ ప్రశ్న వాడికి వచ్చిందంటేనే ‘మార్చడం’ అన్న మాట ఎంత లోపలికి దిగిందో చూడండి.

మరి పిల్లలకి, పాఠం చెప్పేవాళ్లకి కూడా ఈ తప్పు ఎందుకు వస్తోందంటే, జావాలో ఒకే బ్రాకెట్ రెండు వేర్వేరు పనులు చేస్తుంది. 3.7 అన్న డబుల్ (దశాంశం ఉన్న అంకె) ముందు బ్రాకెట్లో ఇంట్ (పూర్ణాంకం) అని రాస్తే 3 వస్తుంది. 300 అన్న ఇంట్‌ని బైట్‌గా క్యాస్ట్ చేస్తే, అంత పెద్ద అంకె బైట్‌లో పట్టదు కాబట్టి, 44 వస్తుంది. ఇక్కడ నిజంగానే విలువ మారింది, కొత్త అంకె పుట్టింది, కాబట్టి ‘మార్చడం’ అన్న మాట సరిపోతుంది. సిలబస్‌లో మొదట ఇదే వస్తుంది, టైప్ క్యాస్టింగ్ అని పేరు పెట్టి. ఆ తర్వాత చాలా రోజులకి ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేయడం) పాఠంలో మళ్లీ అదే బ్రాకెట్, అదే పేరు కనిపిస్తాయి. అప్పుడు మొదటి పాఠంలోని అర్థాన్నే ఇక్కడా అతికించేస్తాం. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే అతికించుకున్నాను, ఉద్యోగంలో చేరాక గానీ వదల్లేదు.

అది వదిలిన రోజు బాగా గుర్తుంది. మొదటి కంపెనీలో చేరిన రెండో ఏడు. మేం వాడే ఒక లైబ్రరీని కొత్త వర్షన్‌కి మార్చాం. డేటాబేస్‌లో ఎన్ని రికార్డులు ఉన్నాయో లెక్కపెట్టి ఇచ్చే పని దానిది. పాత వర్షన్ ఆ లెక్కని ఇంటీజర్ ఆబ్జెక్ట్‌గా ఇచ్చేది, కొత్తది లాంగ్ ఆబ్జెక్ట్‌గా ఇవ్వడం మొదలుపెట్టింది. చేతికి వచ్చేది ఆబ్జెక్ట్ అన్న టైపుతో (జావాలో క్లాసులన్నిటికీ పైన ఉండే మూల క్లాస్ అది) వస్తుంది కాబట్టి మా ప్రోగ్రాంలో దాని ముందు బ్రాకెట్లో ఇంటీజర్ అని రాసి ఉంది. కంపైలర్ ఒక్క మాట అనలేదు. రాత్రి పదకొండింటికి లైవ్‌లోకి వెళ్లింది, అర్ధరాత్రి దాటాక ఫోన్ వచ్చింది, రిపోర్టులు ఒక్కటీ రావడం లేదు. లాగ్ నిండా ఒకే లైను, లాంగ్‌ని ఇంటీజర్‌గా క్యాస్ట్ చేయలేమని. నాకు ఎంత టెన్షన్ అంటే ఆ లైను చదివి కూడా నమ్మలేదు. లాంగ్‌ని ఇంట్‌గా మార్చొచ్చు కదా, పుస్తకంలో చదివాను కదా అనుకుంటూ బ్రాకెట్లో పేర్లు అటూ ఇటూ మార్చి చూస్తూ గంట పోగొట్టాను. మా టీం లీడ్ ఫోన్‌లోనే చెప్పారు, ‘చిన్న అక్షరాల ఇంట్ వేరు, ఇంటీజర్ క్లాస్ వేరమ్మా, ఇంటీజరూ లాంగూ అన్నదమ్ములు, ఇద్దరికీ పేరెంట్ నంబర్, దాన్ని నంబర్‌గా పట్టుకుని ఇంట్ విలువ ఇమ్మని అడుగు’ అని. రెండు నిమిషాల పని. నంబర్ క్లాస్‌లో అందుకోసమే మెథడ్ ఉంది, దాన్ని పిలిస్తే లోపల లాంగ్ ఉన్నా ఇంటీజర్ ఉన్నా తన విలువ తనే ఇస్తుంది.

నీలం, తోతాపురి లాగే ఇంటీజర్, లాంగ్ ఒకదాని పక్కన ఒకటి నిలబడే రకాలు, ఒకటి ఇంకొకటి కాదు. ఇది రెండో సంవత్సరంలోనే ఎవరైనా సరిగ్గా చెప్పి ఉంటే ఆ రాత్రి నాకు ఉండేది కాదు.

ఇంకో ఇబ్బంది పేరెంట్, చైల్డ్ అన్న పేర్లతోనే ఉంది. దీన్ని తెలుగులో ‘తల్లి తరగతి, పిల్ల తరగతి’ అని కూడా రాస్తున్నారు. ఆ పేర్లు విన్న పిల్లవాడు ఏమనుకుంటాడు? తల్లి ఒక మనిషి, బిడ్డ ఇంకో మనిషి అనుకుంటాడు. మన ఇంట్లో అంతే కదా, కొడుక్కి తండ్రి ముక్కు రావచ్చు, ఆస్తి రావచ్చు, కానీ కొడుకు తండ్రి కాడు. క్లాసుల్లో అలా కాదు. చైల్డ్ ఆబ్జెక్ట్ ఏదైనా పేరెంట్ కూడా అవుతుంది. తోతాపురి మామిడికి పుట్టిన బిడ్డ కాదు, తోతాపురి అంటేనే మామిడి. ఇక్కడ ఉన్నది వంశం కాదు, రకం. 1967లో నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ కలిసి సిమ్యులా 67 అనే భాషలో మొదటిసారి క్లాస్, సబ్‌క్లాస్ అన్న ఆలోచన తెచ్చారు, వాళ్లకి 2001కి కంప్యూటర్ రంగంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. సి ప్లస్ ప్లస్ తయారు చేసిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ బేస్ క్లాస్, డిరైవ్డ్ క్లాస్ అన్న పేర్లు ఎంచుకున్నారు. పేర్ల దగ్గర పెద్దవాళ్లే ఇంత ఆలోచించారంటే మనం కూడా ఆలోచించాలి. నేను మా పిల్లలకి ‘మూల రకం, విడి రకం’ అని చెప్తున్నాను, ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషంగా తీసుకుంటాను.

చీటీ మారినా కాయ మారదని చెప్పాక పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. మామిడి చీటీ పట్టుకుని ఒక మెథడ్ పిలిస్తే, ఆ మెథడ్ మామిడిలోనూ ఉండి తోతాపురిలోనూ తిరగరాసి ఉంటే, ఏది నడుస్తుంది? దీనికి నేను గంగమ్మ జాతర కథ చెప్తాను. తిరుపతిలో పుట్టిన పిల్లలకి వేరే ఉదాహరణ వెతకనవసరం లేదు. ఆ ప్రాంతాన్ని ఏలే పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కున్నాడు, అమ్మవారు రోజుకో వేషంలో వాడిని వెతికింది, బైరాగి, బండ, తోటి అని. చివరికి దొర వేషంలో వస్తే, దొర వచ్చాడనుకుని వాడు బయటికి వచ్చాడు. వాడి కళ్లకి కనిపించింది దొర. కానీ ఎదురుగా ఉన్నది గంగమ్మ, జరిగిన పని గంగమ్మ చేసిన పని. పిలిచిన పేరు ఏదైనా పని చేసేది లోపల ఉన్న ఆబ్జెక్టే. ఓవర్‌రైడ్ చేసిన, అంటే విడి రకంలో తిరగరాసిన, మెథడ్ విషయంలో జావా ఇదే చేస్తుంది, చీటీ మీద పేరు చూసి ఏమేమి అడగొచ్చో తేలుస్తుంది, అడిగాక ఎలా చేయాలో మాత్రం ఆబ్జెక్టే తేలుస్తుంది. పోలిక ఇక్కడి వరకే, దొర, గంగమ్మ ఒకరికొకరు రకాలు కారు, అది పిల్లలకి కూడా చెప్తాను.

ఇక్కడ పరీక్షల్లో ఒక మెలిక ప్రశ్న వస్తుంది, మీ పేజీలో కూడా వేశారు, జవాబు సరిగ్గానే ఉంది కానీ కారణం లేదు. రెండు క్లాసుల్లోనూ ఒకే పేరుతో ఒక ఫీల్డ్ (ఆబ్జెక్ట్‌లో విలువ దాచుకునే చోటు) ఉంటే, మూల రకం చీటీతో అడిగితే మూల రకంలోని విలువే వస్తుంది. ఫీల్డ్‌లకి ఓవర్‌రైడింగ్ లేదు, స్టాటిక్ మెథడ్‌లకీ (ఆబ్జెక్ట్‌కి కాక క్లాస్‌కే చెందినవి) లేదు, అవి చీటీ చూసే తేలిపోతాయి. అంతే సంగతి. దీన్ని పట్టుకుని పది ప్రశ్నలు అడిగే బదులు, అలా రెండు చోట్లా ఒకే పేరు పెట్టకండి అని చెప్పడం మేలు.

వేరే భాషల్లో ఈ పట్ట ఎత్తి చూసే పని ఎలా ఉందో కూడా పిల్లలకి తెలియాలి, ఎందుకంటే మొదటి ఏడాది సి, రెండో ఏడాది సి ప్లస్ ప్లస్, జావా అన్నీ కలిపి చదువుతున్నారు. సి ప్లస్ ప్లస్‌లో స్టాటిక్ క్యాస్ట్ అని రాస్తే ఎవరూ పట్ట ఎత్తరు, మీ మాట మీదే లోపలికి పంపేస్తారు, లోపల నీలం ఉంటే మిషన్‌లో ఏమవుతుందో ఆ భాష ఏ హామీ ఇవ్వదు. డైనమిక్ క్యాస్ట్ అంటే ఎత్తి చూస్తారు, పాయింటర్ (ఆబ్జెక్ట్ మెమరీలో ఎక్కడుందో చెప్పే వేరియబుల్) అయితే తప్పు పడినప్పుడు నల్, అంటే ‘ఏమీ లేదు’ అని, ఇస్తారు, రెఫరెన్స్ అయితే బ్యాడ్ క్యాస్ట్ అన్న ఎక్సెప్షన్ వస్తుంది, దానికి ఆ క్లాస్‌లో కనీసం ఒక వర్చువల్ ఫంక్షన్ (విడి రకంలో ఓవర్‌రైడ్ చేయగలిగే మెథడ్) ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, సి ప్లస్ ప్లస్‌లో ఆబ్జెక్ట్‌ని పాయింటర్ లేకుండా నేరుగా బేస్ క్లాస్ వేరియబుల్‌లోకి కాపీ చేస్తే విడి రకానికి చెందిన భాగం నిజంగానే తెగిపోతుంది, దాన్ని స్లైసింగ్ అంటారు. జావాలో ఇది జరగదు, అక్కడ మన చేతిలో ఎప్పుడూ చీటీయే ఉంటుంది. ‘అప్‌క్యాస్ట్ చేస్తే చైల్డ్ డేటా పోతుంది’ అని జావా నోట్సులో రాసినవాళ్లు ఇక్కడి సంగతి తెచ్చి అక్కడ పెట్టారేమో అని నా అనుమానం. సి షార్ప్‌లో ‘యాజ్’ అని రాస్తే ఎక్సెప్షన్ బదులు నల్ వస్తుంది. పైథాన్‌లో ఇలాంటి క్యాస్టింగే లేదు, ఆ మెథడ్ ఉందా లేదా అని పిలిచినప్పుడే చూసుకుంటుంది.

జావాలో పిల్లలకి మొదటి రోజే నేర్పాల్సింది ఇన్‌స్టాన్స్‌ఆఫ్. చీటీ తిరగరాసే ముందు పట్ట మనమే ఎత్తి చూసుకోవడం. 2021లో వచ్చిన జావా 16 నుంచి ఇది ఇంకా తేలికైంది, ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అని అడుగుతూనే పక్కన కొత్త పేరు రాసుకుంటే, అవునంటే ఆ పేరుతో నేరుగా వాడుకోవచ్చు, వేరేగా బ్రాకెట్ అక్కర్లేదు. నోట్సుల్లో ఇది ఇంకా రాలేదు. మీ పేజీలో కూడా లేదు.

అయితే ప్రతిచోటా ఇన్‌స్టాన్స్‌ఆఫ్ పెట్టుకుంటూ పోవడం కూడా మంచిది కాదు, ఇది గట్టిగా చెప్పాలి. మా పిల్లల్లో ఒకడు ప్రాజెక్టులో బస్సు టికెట్ల ప్రోగ్రాం రాశాడు. సాధారణ టికెట్, సీనియర్ సిటిజన్ టికెట్, విద్యార్థి పాస్ అని మూడు రకాలు, ఛార్జీ లెక్కేసే చోట ఇదా, అదా, ఇంకొకటా అని వరుసగా అడిగి క్యాస్ట్ చేసుకుంటూ పోయాడు. పని చేస్తుంది. రేపు నాలుగో రకం వస్తే ఆ వరుస ఎన్ని చోట్ల ఉందో వెతికి అన్ని చోట్లా కలపాలి, ఒక చోట మర్చిపోతే ఎవరికీ తెలియదు. ఛార్జీ మెథడ్‌ని మూల రకంలో పెట్టి, ప్రతి టికెట్‌లో దాని లెక్క దాన్నే రాసుకోమంటే ఒక్క క్యాస్ట్ కూడా అక్కర్లేదు. కూర్చుని తిరగరాయించాను, నూట ఇరవై లైన్లు నలభై అయ్యాయి, వాడి ముఖం చూడాలి. బార్బరా లిస్కోవ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1987లో ఒక సదస్సు ప్రసంగంలో దీని గురించి చెప్పారు, ఆ తర్వాత 1994లో జెనెట్ వింగ్‌తో కలిసి పూర్తిగా రాశారు. మూల రకం వాడే చోట విడి రకం పెట్టినా ప్రోగ్రాం నమ్ముకున్నది తప్పకూడదు అన్నది దాని సారం. ఆవిడకి 2008కి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మా అమ్మాయిలకి ఈ పేరు చెప్పినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

డౌన్‌క్యాస్టింగ్ తప్పదు అన్న చోట్లు కూడా ఉన్నాయి. రెండు ఆబ్జెక్టులు సమానమా అని చూసే ఈక్వల్స్ మెథడ్ రాసేటప్పుడు చేతికి వచ్చేది ఆబ్జెక్ట్ అన్న టైపే, అది మన రకమేనా అని చూసి క్యాస్ట్ చేసుకోవాల్సిందే. 2004లో జావా 5తో జెనరిక్స్ (లిస్టులో ఏ రకం ఉంటుందో ముందే రాసుకునే పద్ధతి) రాకముందు లిస్టులోంచి ఏది తీసినా ఆబ్జెక్ట్‌గానే వచ్చేది, ప్రతి లైనులో బ్రాకెట్ ఉండేది. ఆండ్రాయిడ్‌లో కూడా 2017 వరకు స్క్రీన్ మీద బటన్ పట్టుకోవాలంటే ముందు బ్రాకెట్లో బటన్ అని రాయాల్సి వచ్చేది. పాత ప్రాజెక్టులు చూసి నేర్చుకునే పిల్లలు ఆ బ్రాకెట్లు ఇప్పటికీ రాస్తున్నారు, ఎందుకని అడిగితే ‘రాయాలక్కా, లేకపోతే మారదు’ అంటారు. మళ్లీ అదే మాట.

మాట దగ్గరికే వస్తున్నాను. ఇంగ్లిష్‌లో చదివిన పిల్లలకి కూడా ఈ గందరగోళం ఉంది, కాదనను. కానీ పల్లెల నుంచి వచ్చి తెలుగులో ఆలోచించే పిల్లకి మనం ‘మార్చడం’ అని చెప్తే ఆ పిల్ల దాన్ని నిజంగా నమ్ముతుంది, ఎందుకంటే మార్చడం అంటే ఏమిటో ఆ పిల్లకి బాగా తెలుసు. నోటు ఇచ్చి చిల్లర మార్చుకుంటాం, పాలు తోడుపెట్టి పెరుగు చేస్తాం. ముందున్నది పోయి కొత్తది చేతికి వస్తుంది. క్యాస్టింగ్‌లో ఏమీ పోదు, ఏమీ రాదు. అందుకే అంకెల విషయంలో ‘మార్చడం’ అనండి, ఆబ్జెక్టుల విషయంలో ‘ఫలానా రకంగా పట్టుకోవడం’ అనో, ‘ఫలానా రకంగా చూడడం’ అనో రాయండి. మా మేడ మీద ‘పట్టుకోవడం’ అని వాడుతున్నాం. ‘మామిడిగా పట్టుకున్న దాన్ని తోతాపురిగా పట్టుకున్నా’ అని పిల్లలు వాళ్లలో వాళ్లు అనుకోవడం విన్నాను, ఆ తర్వాత ఎవరూ తప్పు చెప్పలేదు.

కాబట్టి నా కోరిక ఇది. వచ్చే ఆదివారం పేజీలో ఆ జవాబుకి సవరణ వేయండి. ‘డౌన్‌క్యాస్టింగ్ అంటే, మూల రకం రెఫరెన్స్‌తో పట్టుకున్న ఆబ్జెక్ట్‌ని దాని విడి రకం రెఫరెన్స్‌తో పట్టుకోవడం. ఆబ్జెక్ట్ మారదు. అది నిజంగా ఆ విడి రకానిదే అయితేనే కుదురుతుంది, కాకపోతే ప్రోగ్రాం నడిచేటప్పుడు క్లాస్‌క్యాస్ట్‌ఎక్సెప్షన్ వస్తుంది’ అని వేస్తే చాలు. ఇంకా చోటు ఉంటే, ఇంటర్వ్యూలో ఇచ్చిన ఆ మూడు లైన్ల ప్రోగ్రాం కూడా వేసి, ఏ లైను దగ్గర ఆగుతుందో పిల్లల్నే చెప్పమనండి. ఇలాంటి ప్రశ్నలు వేసే ముందు ఒకసారి నడిపి చూసేవాళ్లు కావాలంటే నేను చూసిపెడతాను, నాకు ఏమీ ఇవ్వనక్కర్లేదు.

పుత్తూరు అమ్మాయికి వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూ ఉంది. సవరణ వేస్తే ఆ ముక్క కత్తిరించి, నోట్సులో ఆ వాక్యం మీద అతికించుకుంటానని చెప్పింది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి.